ఆరీ ఆరని పన్ను

పరాయివాళ్ళ నోళ్ళలో పళ్ళ డాక్టరైన కోడలు పెట్టిన ఫిల్లింగులు రాయిలా నిలిచేవి. ఊడితే అత్తగారిదే ఊడేది. మళ్ళీ పెట్టినా అంతే.

ఈసారి ఊడిన సంగతి అత్తగారు చెప్పనేలేదు. భోజనాల దగ్గర ఆవిడ ఎడమవైపే నములుతుండడం కోడలి కంటబడింది.

"మళ్ళీ ఊడిందా అత్తయ్యా?"

"ఊడితే ఊడిందిలే. ఇంట్లో పన్నే నిలబెట్టలేదని నలుగురికీ తెలిస్తే నీ కుర్చీలో ఎవరు కూర్చుంటారమ్మాయ్? దేవుడు నాకు రెండో దవడ కూడా ఇచ్చాడుగా."

కోడలి భయం వేరు. ఆ పన్ను ఇప్పటికే సగం గుల్ల. ఇంకోసారి నిలవకపోతే పీకెయ్యడమే.

అత్తగారు ఇస్త్రీ బల్ల సంపాదన మీదే కొడుకుని పెంచి పెద్దచేసిన మనిషి. కోడలి తెల్లకోటు ఇప్పటికీ ఇంకొకరి చేతికివ్వదు. మర్నాడు పొద్దున ఎండకి అట్టలా బిగిసిన కోటు మీద నీళ్ళు చల్లుతూ గొణుక్కుంది. "మరీ ఎండబెడితే ఏ గుడ్డా మాట వినదు."

కోడలు ఆ తడి చుక్కల వైపే చూస్తూ నిలబడిపోయింది. చదువుకున్న పాఠమే. పన్ను లోపలి పొరలో కంటికి ఆనని సన్నటి పీచు ఉంటుంది. మందు రాసి కడిగాక అది తడి ఆసరాతోనే నిలబడుతుంది. ఫిల్లింగుని పట్టి ఉంచే జిగురు ఆ సందుల్లోకి ఇంకి, నీలి దీపం వెలుగుకి గట్టిపడి పట్టు బిగిస్తుంది. ఆరబెట్టడానికి గాలి ఎక్కువ కొడితే పీచు చతికిలబడుతుంది. జిగురు పైపైనే ఆగిపోతుంది. పరాయివాళ్ళ దగ్గర చెయ్యి దానంతటదే ఆగేది. అత్తగారి దగ్గరే, ఎక్కడ తడి మిగిలిపోతుందోనన్న భయంతో, కొట్టిన గాలే మళ్ళీ కొట్టేది.

ఆ సాయంత్రమే ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టింది.

"నోరు తెరిచే ఉంచండి. మాట్లాడకండి."

"అత్తని మాట్లాడొద్దనే అదృష్టం ఏ కోడలికి దక్కుతుందే," అంటూనే ఆవిడ నోరు తెరిచింది.

మందు రాసి, కడిగి, గాలి కొట్టింది. పన్ను ఇంకా సన్నగా మెరుస్తోంది. చెయ్యి మరొక్కసారి కొట్టమంది. ఆమె గాలి గొట్టాన్ని కొక్కేనికి తగిలించేసి, జిగురు సీసా అందుకుంది.

నెలలు గడిచాయి. ఒకనాడు భోజనాలయ్యాక అత్తగారు వేయించిన గింజలు కుడి దవడన వేసుకుని నమిలింది. ఆ చప్పుడు వంటింటిదాకా వినిపించింది. కోడలు ఇంకో గుప్పెడు తెచ్చి ఆవిడ పళ్ళెంలో పోసింది.