రాతికెక్కని పెంటమ్మ

దుర్గికి దగ్గర్లోని ఆ బస్సు షెల్టరు గుర్తొస్తే ఇప్పటికీ రోత పుడుతుంది. మనుషుల గబ్బు చాలా ఊళ్ళలో చూశాను. కన్నతల్లి పేరుకు ముక్కు మూసుకున్నవాణ్ణి మాత్రం అక్కడే చూశాను.

మా ఊరి పెంటమ్మక్క కంటే ముందు పుట్టినవాళ్ళంతా పురిట్లోనే పోయారు. అందుకని తల్లి ఆమెను పెంటకుప్ప మీద దొర్లించి, ఆ పేరే పెట్టింది. రోతగా ఉన్నదాన్ని చావు ముట్టదని నమ్మకం. బిడ్డ బతికింది. పెద్దయ్యాక తనకూ పిల్లలు దక్కకపోతే, ఆఖరివాణ్ణి పుల్లాకుల్లో, అంటే జనం తిని పారేసిన విస్తళ్ళలో దొర్లించింది. వాడే పుల్లారావు. భర్త పోయాక మిరపచేను ఒంటిచేత్తో చేసి వాణ్ణి మాచర్లలో చదివించింది.

ఎనభై ఏడులో వాడికి మండలాధ్యక్ష పదవి మీద మోజు పుట్టింది. తల్లి పేర షెల్టరు కట్టించి, దుర్గి శిల్పుల దగ్గర పేరు రాయి చెక్కించాడు. చదువురాని అక్క ఆ రాయి చూడ్డానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది.

"తమ్ముడూ, నా పేరు యాడుందో చూపియ్యి. తడిమి చూసుకుంటా."

ఉన్నదున్నట్టు చదివాను: పద్మావతీదేవి.

"ఆమె ఎవురు?"

"నువ్వేనే అమ్మా!" పుల్లారావు నవ్వాడు. "ప్రారంభానికొచ్చే మంత్రిగారు మైకులో పెంటమ్మా పెంటమ్మా అంటా ఉంటే నా పరువేం గాను?"

"ఒరేయ్, అది మా అమ్మ పెట్టిన పేరురా. ఆ పేరుతోనే బతికి నిన్ను కన్నా. ఇది కొట్టేసి అదే చెక్కియ్యి."

ఐర్లండులో పదిహేను వందల ఏళ్ళనాడు రాళ్ళ అంచుల మీద గాట్లు పెట్టి, ఫలానావాడి కొడుకు ఫలానావాడని చెక్కేవాళ్ళట. వేటకుక్క, కాకి, చెట్టు, ఇలాంటి మాటలతో అల్లుకున్న పేర్లు. సిగ్గుపడి ఎవరూ చెరిపేసుకోలేదు. ఆ సంగతే వాడికి చెప్పాను.

"మామా, నువ్వు చదివి చదివి చెడ్డావు. పెంట పేరు పెడితే షెల్టర్లోకి కుక్కలు గూడా రావు."

వాడి వెనకున్న వందిమాగధులు పగలబడి నవ్వారు.

అక్క నవ్వలేదు. "అట్టయితే ఆ పద్మావతినే కుర్చీలో కూచోబెట్టుకో. నేను రాను."

రాలేదు. ప్రారంభం రోజు వాడు మైకు పట్టుకుని, మా అమ్మకు ఒంట్లో బాగాలేదంటూ పొడికళ్ళు తుడుచుకున్నాడు. చప్పట్లు మోగాయి. నేను కాండ్రించి ఉమ్మేసి లేచి వచ్చేశాను.

ఆ తర్వాత మాచర్ల బస్సుకు వచ్చినప్పుడల్లా పెంటమ్మక్క షెల్టరు అవతల మండుటెండలో నిలబడేది.

"నీడలోకి రా పెద్దమ్మా," అని ఎవరైనా పిలిస్తే, "అది వేరేవాళ్ళదమ్మా," అనేది.