బోణీ బండి

మా షాపులో అగరుబత్తీ వెలిగించం. ఊదు వేయం. దేవుడి పటం షట్టరు బయట గోడకు ఉంటుంది. దండం పెట్టుకోవాలంటే బయటే పెట్టుకుని లోపలికి రావాలి. ఇది చూసి కోరుట్లలో కొందరు మేము చర్చికి పోయేవాళ్లమనుకున్నారు. అదేం కాదు. మా పని అలాంటిది.

కారు రంగు మీద అద్దంలా కనబడే మందపాటి ఫిల్మ్ అతికిస్తాం. పీపీఎఫ్ అంటారు. లారీ వెనక పోతుంటే ఎగిరొచ్చే కంకర, గేటుకు రాసుకుంటే పడే గీత, పిట్ట రెట్ట, అన్నీ ఆ ఫిల్మ్ మీదే పడతాయి, రంగు దాకా పోవు. కానీ ఫిల్మ్ పరిచేటప్పుడు దాని కింద ఒక్క నలుసు పడిందా, మొటిమలా లేచి కూర్చుంటుంది. ఇక దాన్ని తీయలేం. దుమ్మే మాకు శత్రువు. కోరుట్లలో దుమ్ముకేం కరువు లేదు. అది చాలదన్నట్టు మా చేతులతో మేమే తెచ్చి పోసుకోవాలా? ఈ బుద్ధి మాకు మొదటి బండితోనే వచ్చింది.

నా భర్త కల్లు గీయడానికి తాళ్లెక్కే ఇంటి కొడుకు. మా మామ కొడుక్కి మోకు ఇవ్వలేదు, పాస్‌పోర్టు ఇప్పించాడు. దుబాయి పోయి మొదట సిమెంటు మోశాడు, తర్వాత కార్లు కడిగాడు, ఆఖరుకు కార్లకు ఫిల్మ్ వేసే షాపులో చేయి తిరిగిన పనివాడయ్యాడు. నేను సిరిసిల్ల దిక్కు, ఎల్లారెడ్డిపేట మండలం దాన్ని. మా నాన్న వేయించిన బోర్లలో నీళ్లు తప్ప అన్నీ వచ్చాయి. చిన్నాన్నలు భివండి మగ్గాలకు పోయారు. ఊళ్లో మిగిలిన ఆడవాళ్లం బీడీలు చేశాం. పెళ్లయి కోరుట్ల వచ్చాక కూడా నాకు చాట మారింది గానీ పని మారలేదు. ఆయన దుబాయిలో, నేను చాట ముందు. లీవుల లెక్కన కాపురం చేసినవాళ్లం మేము. రెండేళ్లకోసారి వచ్చేవాడు. పెట్టె విప్పి, చుట్టాల ఇళ్లన్నీ తిరిగి, అందరి విందులూ తినేసరికి సెలవు అయిపోయేది. పెళ్లాంతో మాట్లాడే వంతు వచ్చేసరికి పెట్టె మళ్లీ సర్దుకోవాల్సి వచ్చేది.

ఆసారి మాత్రం తిరుగు టికెట్ లేకుండా వచ్చాడు. నడుము నొప్పి అన్నాడు. జగిత్యాల రోడ్డు మీద ఒక షట్టరు అద్దెకు తీసుకుని, తెచ్చినదంతా పెట్టి ఒక్క ఫిల్మ్ రోలు తెప్పించాడు. నేను సంబరపడ్డాను. కానీ వీసా రద్దు చేసుకుని రాలేదు. ఆరునెలలు బయట ఉంటే ఆ వీసా తనంతట తనే పోతుందట. అంతవరకు ఆ తలుపు తెరిచే ఉంటుంది. మనిషి షాపులో ఉన్నా మనసు ఆ తలుపు దగ్గరే నిలబడిందని నాకు తెలుసు. ఉండమని నేను అనలేదు. మా ఇళ్లలో ఆడవాళ్లు ఆ మాట అనరు. అంటే పొయ్యి ఎట్లా వెలుగుతుందని అడుగుతారు, దానికి మన దగ్గర జవాబు ఉండదు. నా ఆశంతా షాపు మీదే. అది నడిస్తే ఉండమనే మాట అదే చెబుతుంది, నేను నోరు తెరవక్కరలేదు.

షాపేమో నడవలేదు. వచ్చినవాళ్లు ఫిల్మ్‌ను వేళ్లతో పట్టి చూసి, ఫోనుకు వేసే గ్లాసు ఇంత పెద్దది కూడా దొరుకుతదా అని అడిగి, టీ తాగి పోయేవారు. మోటారు సైకిళ్లకు స్టిక్కర్లు వేసి కాలం గడుపుతున్నాం. ఆరునెలలకు ఇంకా కొన్ని వారాలే ఉన్నాయనగా బోణీ బండి వచ్చింది.

అది మా అమ్మగారి దిక్కు నుంచే వచ్చింది. రక్త సంబంధం ఏమీ లేకున్నా ఎల్లారెడ్డిపేట పేరు వినగానే ఆ బండి పిల్లవాడు నన్ను అక్క అన్నాడు, మా ఆయన్ను బావ అన్నాడు. మస్కట్‌లో డ్రైవరు. ఎవరెవరి బండ్లనో నడిపీ నడిపీ తనకంటూ ఒక బండి కొనుక్కున్నాడు, నల్లటిది. షోరూం నుంచి నేరుగా కొండగట్టుకు పోయి పూజ చేయించుకుని, అట్నుంచి మా దగ్గరికి వచ్చాడు. ముందర నిమ్మకాయలు ఇంకా వేలాడుతున్నాయి, బానెట్ మీద సిందూరం తడి ఆరలేదు. వచ్చే వారమే అతని ఫ్లైటు. జగిత్యాలలో స్నేహితుడి కారుకు ఎవరో వేసిన ఫిల్మ్ ఏడాది తిరక్కుండా పసుపు పచ్చగా మారి అంచులు లేచిందట. అది చూసి భయపడ్డాడు.

“మంచిగ చెయ్యి బావా. నేను మళ్ల అచ్చేదాంక బండి గిట్లనే ఉండాలె,” అని తాళం చేతిలో పెట్టి బస్సెక్కాడు.

మొదటి గిరాకీ అని తెలిసి మా అత్తమ్మ ఊరుకుంటుందా? ఆటోలో దిగింది. పక్క టీకొట్టులో నిప్పులు అడిగి తెచ్చి, మట్టి మూకుడులో వేసి, పిడికెడు ఊదు చల్లింది. కారు చుట్టూ తిరిగి, టైరు టైరుకు పొగ చూపించింది. దుబాయి షాపులో ఎవరైనా ఈ పని చేస్తే ఓనరు ఉరిమేవాడని మా ఆయనే చెప్పేవాడు. ఇక్కడ ఓనరు తనే. తల్లి ముందు ఓనరు ఎక్కడ? చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అబద్ధమెందుకు, నేనూ కళ్లు మూసుకుని గట్టిగానే మొక్కుకున్నాను.

ఆ పొగ సద్దుమణిగిందనుకున్నాక కారు కడిగి, మందుతో తుడిచి, సిందూరం జిడ్డు లేకుండా చేసి, షట్టరు దించి బానెట్ మీద ఫిల్మ్ పరిచాడు. మర్నాడు పొద్దున షట్టరు ఎత్తగానే ఎండ నేరుగా బానెట్ మీద పడింది. సకినం మీద నువ్వుల్లా ఊదు బూడిద నలుసులు. పైకప్పుకు పట్టిన పొగ నలుసులు పని మధ్యలో ఎప్పుడో రాలినట్టున్నాయి. నల్ల బండి కదా, ఒక్కటీ దాగలేదు. అత్తమ్మ వచ్చి చూసి, దేవుడి బూడిదే కదా, బండికి మంచిదే అంది.

మా ఆయన వంగి చూశాడు, నిలబడి చూశాడు, పక్క నుంచి చూశాడు. ఆఖరుకు అన్నాడు.

“గింతంత ఉన్నయి. ఎవలు జూస్తరు? వారమైతె ఆయన మస్కట్ల ఉంటడు.”

బూడిద చూసి నేను అంత భయపడలేదు. భయపడింది ఆ మాటకే. అది ఉండే మనిషి మాట కాదు. రేపూ ఎల్లుండీ ఇదే రోడ్డు మీద ఇదే జనానికి మొహం చూపించాల్సినవాడు అట్లా అనడు. దుబాయి షాపులో ఒక్క వెంట్రుక పడితే మొత్తం పీకేసి మళ్లీ వేశామని గొప్పగా చెప్పుకున్న మనిషి ఆయనే. ఇప్పుడు సగం విమానం ఎక్కి మాట్లాడుతున్నాడు.

“ఆయన పోతె పోతడు. బండి గీడనే తిరుగుతది, మన పేరు గీడనే ఉంటది. పీకెయ్,” అన్నాను.

పీకడం చేతకాక కాదు. మళ్లీ బానెట్‌కు వేస్తే రోలు చాలదు. టేపు పెట్టి కొలిచి చూపించాడు. ఒక తలుపుకు తక్కువ పడుతోంది. ఇంకో రోలు తెప్పించే శక్తి మాకు లేదు, సమయమూ లేదు. తల పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

అప్పుడు నాకు బీడీల ఆకు గుర్తొచ్చింది. ఆకు తూకం వేసి ఇస్తారు, ఆ ఆకుకు ఇన్ని బీడీలు తేవాలని చెబుతారు. ఆకు చినిగిందా, చిల్లులు పడిందా, వాళ్లకు సంబంధం లేదు. తక్కువ పడితే మనమే కొనుక్కొచ్చి పూరించాలి. అందుకే కొలత రేకు ఆకు మీద పెట్టేటప్పుడు బీడీలు చేసే ఆడదాని చేయి దానంతట అదే తిరుగుతుంది. ఈనె ఎటుంది, చిల్లు ఎటుంది, రేకు కాస్త పక్కకు తిప్పితే మూలన ఇంకోటి వస్తుందా, ఇదే చూపు. మా ఆయన ముక్కలన్నీ బడిపిల్లల వరుసలా నిట్టనిలువుగా పేర్చి కొలిచాడు. మధ్యలో ఎంత ఫిల్మ్ దండగ పోతోందో నాకు కళ్లకు కట్టినట్టు కనబడింది.

పాత పేపర్లు అతికించి తలుపులకు, ఫెండర్లకు, పక్క అద్దాలకు, అన్నింటికీ కొలతలు కత్తిరించాను. నేల మీద చాక్‌పీసుతో రోలు వెడల్పంత గీసుకుని అందులో వాటిని పరిచాను. ఒక తలుపును వాలుగా పడుకోబెట్టాను. దాని నడుము దగ్గర మిగిలిన సందులో ఫెండరు ఇరికింది. ఫెండరు చక్రం కోసం గుండ్రంగా తెగే చోట పక్క అద్దాలు రెండూ ఒదిగిపోయాయి. తీసి మళ్లీ పెట్టాను, తిప్పి చూశాను. టీ చల్లారిపోయేదాకా మా ఆయన చూస్తూనే ఉన్నాడు. దుబాయిలో ఈ లెక్క మిషను చేస్తుందన్నాడు. మిషనుకు ఆకు తక్కువ పడ్డ బాధ ఏం తెలుసు అన్నాను. ఆఖరి తలుపు కూడా పట్టింది. పైగా ఒక మూల నా అరచేయంత మిగిలింది. అప్పుడు లేచి, బానెట్ మీది ఫిల్మ్ అంచు పట్టుకుని చర్రున గుంజేశాడు. ఆ చప్పుడు నాకు ఎంత హాయిగా వినబడిందో చెప్పలేను.

కప్పుతో సహా షాపంతా కడిగాం. అత్తమ్మను, దేవుణ్ణి ఇద్దర్నీ షట్టరు బయట కూర్చోబెట్టాను. అత్తమ్మ అలిగింది. దేవుడు అలగలేదు.

బానెట్ ఫిల్మ్ ఈసారి ఇద్దరం పరిచాం. ఆ అంచు ఆయన, ఈ అంచు నేను. షాంపూ నీళ్లు కొట్టి, రబ్బరు పలకతో మధ్య నుంచి చివరలకు నీళ్లు తోస్తూ పోవాలి. అంచులు లోపలికి మడవడం నాకు ఎవరూ నేర్పనక్కరలేదు, బీడీ మూతి మడిచిన వేళ్లకు అదెంత పని? వంగి చేయాల్సిన తలుపుల కింది భాగాలన్నీ నేనే చేశాను, ఆయన నడుము సహకరించదు. పెళ్లయ్యాక మేమిద్దరం ఒకే పని మీద అంతసేపు కలిసి ఉండటం అదే మొదటిసారి. మాటలు కూడా ఏమున్నాయి, గుంజు, ఆపు, నీళ్లు కొట్టు, అంతే. నాకు అదే సరసం అనిపించింది.

బండి తీసుకుపోవడానికి మస్కట్ తమ్ముడు తన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఫోను లైటు వేసి బానెట్‌ను జానెడు జానెడు చూశాడు. తలుపుల అంచులు గోటితో గీరి చూశాడు. కింద కూర్చుని చూశాడు. ఎక్కడా ఫిల్మ్ మొదలు దొరకలేదు. లేచి నవ్వాడు. ఆ నవ్వు చూసి మేము గెలిచామనుకున్నాను. ఎల్లారెడ్డిపేట దిక్కు బండ్లన్నీ ఇక మా దగ్గరికే అనుకున్నాను. తర్వాత నిజంగా అట్లాగే అయింది కూడా. కానీ అతను తాళం జేబులో వేసుకుంటూ ఒక మాట అడిగాడు.

“బావా, ఐదేండ్లు గ్యారంటీ అంటివి. రేపు అంచు లేస్తే ఎవల్ని అడగాలె? నువ్వు సుత మళ్ల పోయేటోనివే గదా.”

మా ఆయన చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

“మీ అక్క ఉంటది. నాకంటె మంచిగ చేస్తది,” అన్నాడు.

మెచ్చుకున్నాడని ఒక్క క్షణం పొంగిపోయాను. మరుక్షణం అసలు సంగతి తెలిసింది. ఆయన్ను ఆపడానికి నేను పట్టిన పనే ఆయనకు దారి విడిచింది. ఇల్లు చూసుకుంటుంది, ముసలామెను చూసుకుంటుంది, ఇప్పుడు షాపు కూడా చూసుకుంటుంది, ఇంకేం, నిశ్చింతగా పోవచ్చు. నాకు ఒళ్లు మండిపోయింది.

“నేనొక్కదాన్నే ఉండ తమ్ముడూ. బానెట్‌కు ఇద్దరు పట్టాలె, ఒక్కలు పరిస్తె ముడుతలు పడుతయి. ఈయన పోతె నేను షట్టరు గుంజి తాళమేస్త. ఈయన ఉంటెనే నీకు గ్యారంటీ.”

అన్నాక నాకే భయమేసింది. ఇన్ని లీవుల్లో, పెట్టె ఆటోలో పెట్టిన ఏ పొద్దునా అనని మాట, గిరాకీ ముందు అనేశాను. తమ్ముడు నేల చూపులు చూశాడు. అతని భార్య తలెత్తి నన్నే చూస్తోంది. మా ఆయన బానెట్ అంచు మీద వేలు రాసి చూశాడు.

“ఉంట,” అన్నాడు. “ఐదేండ్లు ఈడనే ఉంట. నువ్వు నిమ్మలంగ పో.”

నాతో అనలేదు, గిరాకీతో అన్నాడు. మా మగవాళ్లకు ఇట్లాంటివి పెళ్లాంతో అనడం రాదు. నాకు అది చాలు. పెళ్లానికిచ్చిన మాట తప్పినా బతకొచ్చు, గిరాకీకిచ్చిన మాట తప్పితే కోరుట్లలో షాపు నడవదు. ఏడుపు ముంచుకొచ్చింది. గిరాకీ ముందు ఏడిస్తే బాగుండదని తుడిచే గుడ్డ పట్టుకుని కారు వెనక్కి పోయాను.

తమ్ముడి భార్య నా వెనకే వచ్చింది. మగవాళ్లిద్దరూ ముందర అద్దాల గురించి ఏదో మాట్లాడుకుంటున్నారు. కొత్త బండి మీద చేయి వేసి, నాకొక్కదానికే వినబడేట్టు అడిగింది.

“నేను ఉండుమని అంటె ఆగుతడా వదినా?”

తమ్ముడి ఫ్లైటు శుక్రవారం. అతను ఆగుతాడో లేదో నాకేం తెలుసు?

“అను,” అన్నాను.