తలుపు వెనక వాకర్

మా అత్తగారు బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే అమలాపురంలో ఆపరేషన్ చేయించేం. ఇంటికొచ్చిన రోజు ఆవిడ ఒక్కటే అన్నారు: "బాత్రూంకి నా అంతట నేను వెళ్లగలిగితే చాలమ్మా. ఇంకేమీ వద్దు."

ఫిజియోథెరపీ డాక్టరుగారు అన్నీ దగ్గరుండి చూపించేరు. పూటపూటా పడుకోబెట్టి కాలు ముడిపించాలి, చాపించాలి, తర్వాత వాకర్‌తో గుమ్మం దాకా నడిపించాలి. "నొప్పంటారు, జాలిపడకండి. ఈ రెండు నెలలే ముఖ్యమండీ" అన్నారు. "ఆయ్, తప్పకుండానండీ" అన్నాను. అనడానికేం, నోరుందిగా!

మా వైపు పరామర్శల సంగతి చెప్పాలా? పొద్దున్నొక జట్టు, సాయంత్రమొక జట్టు. ఆదివారమైతే చర్చివాళ్లు ప్రార్థనకి. పెద్దవాళ్లు ఎదురుగా కూర్చునుంటే అత్తగారి చేత కాళ్లెత్తించడం ఏం బావుంటుంది? వాకర్ తీసి తలుపు వెనక పెట్టేసేదాన్ని. ఓసారి కాట్రేనికోన నుంచి చినమావగారు వచ్చినప్పుడు ఆవిడే లేవబోయేరు. "అయ్యో, ఈ వయసులో వదినగారిని నడిపిస్తున్నావా!" అన్నారాయన. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక ఆ రోజు నుంచి అన్నం మంచం దగ్గరికే, బాత్రూంకి బదులు బేసిన్ కూడా మంచం దగ్గరికే. వచ్చినవాళ్లంతా "కోడలంటే ఇలా ఉండాలి" అంటుంటే, సిగ్గు విడిచి చెప్తున్నాను, పొంగిపోయేదాన్ని.

"వాళ్లు వెళ్లేరుగా, ఇప్పుడు చేయిస్తావామ్మా?" అని అడిగేవారు అత్తగారు.

"రేపు చేద్దాం లెండి, అలిసిపోయేరు" అనేదాన్ని. అలిసిపోయింది నేను, వచ్చినవాళ్లకి కాఫీలు కలిపి కలిపి.

రెండు నెలలకి మళ్లీ తీసుకెళ్లేం. డాక్టరుగారు లేపి నిలబెడితే మోకాలు పూర్తిగా సాగలేదు. తొడ గడగడా వణికింది. రెండడుగులకే కుర్చీలో కూలబడిపోయేరు. "ఇంక ఒక్కరే నడవడం కష్టమేనండీ, ఎవరో ఒకరు పట్టుకోవలసిందే" అని ఆయన నావైపు తిరిగేరు. "ఇంట్లో చేయించలేదా అమ్మా?"

నేను నోరు తెరిచేలోగా అత్తగారు అందుకున్నారు. "అమ్మాయి తప్పేం లేదు బాబూ. రోజూ బతిమాలేది. నేనే బద్ధకించేను."

ఆయనకి ఒళ్లు మండిపోయింది. అంత పెద్దావిడని చిన్నపిల్లని కేకలేసినట్టు కేకలేసేరు. ఆవిడ తలొంచుకుని అన్నీ పడ్డారు. పక్కనే సంచీ పట్టుకుని నిలబడి నేనూ విన్నాను. కాదండీ, తప్పు నాది అని ఒక్క మాట అనలేదు.