మేనేజరుకు ఒంట్లో బాగోలేదు

మనవరాలు పది రోజుల ఈత శిక్షణకు వెళ్తూ తన చెట్టుకప్పను అమ్మమ్మకు అప్పగించింది. అరచేతిలో పట్టేంత ఆకుపచ్చ కప్ప. పగలంతా ఆకు మీద కళ్లు మూసుకుని కూర్చుని, సాయంత్రం దీపాలు వెలిగే వేళకు తిండి కోసం లేస్తుంది కనుక దానికి మేనేజరు అని పేరు పెట్టింది. గాజుపెట్టె ఎక్కడ ఉంచాలో, పురుగుల డబ్బా ఏదో అన్నీ చూపించి, చెప్పులు వేసుకుంటూ చివరి మాట చెప్పింది.

"అమ్మమ్మా, తాతయ్యని మాత్రం దీన్ని ముట్టుకోనివ్వకు."

తాతయ్య అక్కడే, పేపరు వెనక ఉన్నాడు. విననట్టు పేజీ తిప్పాడు.

పిల్లను తప్పు పట్టడానికి లేదు. ఆయన కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో ముప్ఫై రెండేళ్లు అటెండరుగా చేసి రిటైరైన మనిషి. కప్పలను తెప్పించడం, క్లోరోఫాం దూదితో మత్తివ్వడం, మైనం ట్రేలో వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు కాళ్లకూ గుండుసూదులు గుచ్చడం ఆయన ఉద్యోగం. కోయడం విద్యార్థుల పని, తుడవడం మళ్లీ ఈయన పని. లెక్చరర్లు ఎందరో వచ్చారు, పోయారు. కప్ప లోపల ఏది ఎక్కడుందో మర్చిపోయినప్పుడల్లా ఈయన ముఖంలోకే చూశారు. వీధిలో కప్పల సారు అని పేరు పడింది. ఆ పేరుకు కొన్నాళ్లు పొంగిపోయాడు కూడా. ఆరేళ్లప్పుడు మనవరాలు "కప్పల సారంటే కప్పల్ని పెంచుతావా తాతయ్యా?" అని అడిగిన రోజు నుంచి మాత్రం, ఎవరైనా అలా పిలిస్తే పలకడం మానేశాడు.

ఇక అమ్మమ్మకు శుభ్రం పిచ్చి. తుడిచిన నేల ఆరకముందే ఎవరైనా కాలు పెడితే వాళ్ల ఏడు తరాలనూ కడిగేస్తుంది. అలాంటి మనిషి చేతికి గాజుపెట్టె చిక్కింది. రెండు పూటలా అద్దాలను నిమ్మవాసన ఫినాయిల్‌తో తుడిచింది. నీళ్ల గిన్నెను సబ్బుతో తళతళలాడేలా తోమి, కుళాయి నీళ్లు నింపింది. ఇంత శుభ్రంగా బతికే కప్ప లోకంలో ఉండదని మురిసిపోయింది.

నాలుగో రోజుకు మేనేజరుగారు రంగు మారారు. ఆకుపచ్చ పోయి ఎండుటాకు రంగు వచ్చింది. తొడల లోపలివైపు ఎర్రబడింది. సాయంత్రమైనా లేవలేదు, ముక్కు ముందు పురుగును ఆడించినా కన్నెత్తి చూడలేదు.

మనవరాలు రోజూ వీడియో కాల్‌లో కప్పను చూపించమంటుంది. ఆ రోజు అమ్మమ్మ ఫోనును ఆకు చాటున పట్టుకుని "పడుకున్నాడే, లేపితే పాపం" అంది. ఆ కాల్ అయిపోగానే ఆవిడ పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది.

"ఆవా, కుక్కా?" అన్నాడాయన.

"కప్పండీ."

"చూడండమ్మా, చదువుకునే రోజుల్లో కప్పని ఒకసారి కోశాను. నాకు తెలిసింది అంతే. మన ఊళ్లోనే కప్పల సారని ఒకాయన ఉంటారట, ఆయన్ని అడగండి."

కప్పల సారు ముందు గదిలో అదే పేపరును మూడోసారి చదువుతున్నాడు.

"ఏమండీ, మీరొకసారి చూడండి. చూడడమే. ముట్టుకోకూడదు, పిల్లకి మాటిచ్చాను."

ఆయన వచ్చి, గది గడప దగ్గరే ఆగి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆ నిమ్మవాసన నాలుగు రోజులుగా ఆయన ముక్కుకు తగులుతూనే ఉంది. అడగందే చెప్పకూడదని బిగదీసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు కప్పను చూశాక తన పంతం మీద తనకే ఒళ్లు మండింది.

"ముందా ఫినాయిల్ అవతల పారెయ్. కప్ప నోటితో తాగదే, ఒంటితో తాగుతుంది. నువ్వు రాసిందంతా దాని ఒంట్లోకే పోయింది. కుళాయి నీళ్లలో కలిపే మందు కూడా దానికి పడదు."

"నేను శుభ్రంగానే కదండీ..."

"శుభ్రంగానే చంపుతున్నావు. పెరట్లో రెండు బకెట్ల నీళ్లు మొన్నటినుంచీ మూత లేకుండా ఉన్నాయి. ఆ మందు ఆవిరైపోయుంటుంది. అవి పట్రా."

"అక్కడెవరు పెట్టారు?"

ఆయనకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

ఆ రోజు నుంచి వైద్యమంతా గడప అవతల కుర్చీలోంచి నడిచింది. మాట ఆయనది, చెయ్యి ఆవిడది. సబ్బు ముట్టకు, తడి చేత్తోనే పట్టుకో, నీళ్లు దాని గడ్డం దాటకూడదు, అస్తమానం తొంగి చూసి బెదరగొట్టకు. పెట్టెను ఉత్త నీళ్లతో ఐదుసార్లు కడిగించాడు. ఆత్రంలో ఒకసారి కాలు గడప దాటబోతే ఆవిడ "ఆఁ!" అంది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇవన్నీ మీకెలా తెలుసండీ? మీరు చేసింది ఆ ఉద్యోగం కదా?"

"నీరసపడిన కప్ప పరీక్షకి పనికిరాదే. కోశాక గుండె కొట్టుకోవడం పిల్లలకి బాగా కనపడాలి. ఒక్కోసారి రెండొందల కప్పలొచ్చేవి. నీళ్లు మార్చడం, ఎర్రబడినవాటిని విడిగా పెట్టి బాగు చేయడం, అంతా నేనే. ముప్ఫై రెండేళ్లలో నా దగ్గర ఒక్క కప్ప కూడా జబ్బుతో చావలేదు, తెలుసా!"

గర్వంగానే అన్నాడు. అన్నాక ఆ మాట ఆయన చెవినా పడింది. ముఖం పాలిపోయింది. ఆవిడ "ఈ నీళ్లు చాలా?" అని మాట మార్చింది. చాలన్నాడు.

ఏడో రోజు సాయంత్రం మేనేజరుగారు కళ్లు తెరిచారు. ఎనిమిదో రోజు ఆకుపచ్చ తిరిగొచ్చింది. తొమ్మిదో రోజు ఒక పురుగును లటుక్కున మింగి, ఇంకేది అన్నట్టు చూశారు. ముసలివాళ్లిద్దరూ గడపకు అటొకరు ఇటొకరు నిలబడి చప్పట్లు కొట్టారు.

మర్నాడు మనవరాలు వచ్చింది. నోట్లో నువ్వుగింజ నానని అమ్మమ్మ అన్ని రోజులూ ఫోనులో ఎలాగో దాచుకొచ్చింది. పిల్ల సంచి దించకముందే అంతా చెప్పేసింది. "నేను చంపబోయానే, ఆయన బతికించారు."

"తాతయ్య ముట్టుకున్నాడా?"

"గడపే దాటలేదు."

పిల్ల పెట్టె వైపు చూసింది, గడప అవతల కుర్చీ వైపు చూసింది. కుర్చీలోని మనిషి పేపరును ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"తాతయ్యా, లోపలికి రా. చేతులు తడుపుకో."

ఆయన బకెట్లో చేతులు ముంచి దోసిలి పట్టాడు. వేళ్లు పాత అలవాటున, కప్పను నడుం దగ్గర ఒడిసిపట్టినట్టు వాటంతటవే ముడుచుకోబోయాయి. బలవంతాన చాచి ఉంచాడు. పిల్ల మేనేజరును ఆ దోసిట్లో వదిలింది. అది అటూ ఇటూ చూసి, రెండడుగులు వేసి, ఆయన బొటనవేలిని నాలుగు కాళ్లతో కరుచుకుని కూర్చుంది.

కప్పలను పట్టుకోవడం ఆయనకు తెలుసు. కప్ప తనను పట్టుకోవడం ఇదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

"ఇది వదలడం లేదే" అన్నాడు గొంతు తగ్గించి.

"కప్పల సారూ, వదిలేదాకా కదలకూడదు" అంది మనవరాలు.

"సరేనమ్మా" అని ఆ పేరుకు పలికాడు ఆయన.