బంగారమ్మకి రాణి చేసిన చుట్టకుదురు

బంగారమ్మకి చెయ్యి ముందు, నోరు తర్వాత. మందస అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఆ జాలారి పల్లెలో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. చెప్పేముందు ఓసారి వెనక్కి తిరిగి చూసుకుంటారు, అదీ ఉంది!

ఓ కండక్టరు సంగతి చెప్పాలి మీకు. పాపం, కొత్తవాడు. చేపల కంపు అని ఆవిడ గంపని కాలితో తోశాడు. ఆ కాలు పట్టుకుని మెట్ల మీంచి రోడ్డు మీదికి ఒక్క ఈడ్పు ఈడ్చింది. వాడు మోచేతులు చీరుకుపోయి లేచి నిలబడేసరికి, వాడి టిక్కెట్ల సంచీలో రెండు కానాగంత చేపలు కుక్కింది. "అట్టుకెల్లి వొండించుకో నాయనా. బంగారమ్మ ఎట్టిందని సెప్పు మీ ఆవిడికి" అంది. ఆనక ఆ బస్సులో గంపకి సీటు దొరికేది!

మొగుడికీ తప్పలేదు. పెళ్లైన కొత్తలో తాగొచ్చి చెయ్యెత్తితే ముందరి పన్ను రాలగొట్టింది. ఆ పన్ను లేని నవ్వుతోనే ఆయన కాపురమంతా చేసి, ఒక వేటలో సముద్రంలోనే ఉండిపోయాడు. ఆ రోజు బంగారమ్మ ఏడవలేదు. నీళ్ళలోకి దిగి, వచ్చిన ప్రతి కెరటాన్నీ పిడికిళ్ళతో గుద్దింది. కొడుకు యువరాజు నడుం పట్టుకుని లాగితే వాడినీ గుద్దింది.

తర్వాత పెద్ద తుపాను వచ్చి పడవనీ వలనీ తుడిచిపెట్టుకుపోయింది. పడవంటే అద్దెకి దొరుకుతుంది గానీ, మళ్ళీ ఓ ఆకుపచ్చ నైలాను వల కొనడానికి బంగారమ్మ ఏడాదిపాటు నెత్తి మీద గంప దించలేదు. గంప కింద నెత్తిన పెట్టుకోడానికి పాత చీర చుట్టి చేసుకున్న చుట్టకుదురు చేపనీళ్ళకి తడిసి జారిపోయేది, గంప అడుగు నడినెత్తి మీద కోసేది. అక్కడ జుట్టు పోయి, రూపాయి బిళ్ళంత పుండు పడింది. ఆ పుండుని చూసింది ఒక్క మనవరాలు రాణే. రోజూ సాయంత్రం తల దువ్వేది ఆ పిల్లే మరి.

రాణికి పదేళ్ళు. దీపావళి సెలవలిచ్చే ముందు బడిలో ప్రసూన టీచరు పిల్లలందరికీ ఒక పని చెప్పింది. పండక్కి ఇంట్లో తమకి ఇష్టమైనవాళ్ళకి ఏదైనా ఇవ్వాలి, కొనకూడదు, చేత్తో చెయ్యాలి. ఇంకేం, పల్లెలో పిల్లలంతా గవ్వల మీద పడ్డారు. అత్తలకి గవ్వల దండలు, తాతలకి కొబ్బరిచిప్ప బొమ్మలు! రాణి మాత్రం నానమ్మకి మెత్తటి చుట్టకుదురు చేద్దామనుకుంది. కొబ్బరి పీచు నానబెట్టి, దంచి, గుండ్రంగా చుట్టింది. పైన ఏం తొడగాలి? గుడ్డయితే తడుస్తుంది. వల ముక్కయితే తడవదు, జారదు. పెరట్లో మడతపెట్టి ఉన్న వల దగ్గరికి బ్లేడు పట్టుకుని వెళ్ళింది. అంచున కోస్తే అందరికీ కనబడుతుందని నడిమధ్య మడతలో కోసింది, ఎంత తెలివో చూడండి!

వల కోయడం ఆ పల్లెలో చిన్న తప్పు కాదు. మనిషిని కొడితే పెద్దలు కూర్చుని రాజీ చేస్తారు. పక్కవాడి వల అయినా, ఇంట్లో వల అయినా, కోసినవాళ్ళని మాత్రం పడవలు కట్టే గుంజకి తాడేసి కట్టి, ఊరంతా కొడుతుంది. పిల్లా పెద్దా తేడా లేదు. అలా దెబ్బలు తిన్న కుర్రాడొకడు చెవి పోగొట్టుకుని ఇప్పటికీ ఆ పల్లెలోనే తిరుగుతున్నాడు.

పండగ పొద్దున యువరాజు వల విప్పాడు. నడిమధ్య మనిషి దూరేంత కంత.

"అమ్మా!" అని ఒక్క కేక పెట్టాడు. బంగారమ్మ వచ్చి చూసింది. వేలు పెట్టి అంచు తడిమింది. చిరుగు కాదు, కోత. ఇంకేముంది, ఆవిడకి అదే పల్లెలో వేటకెళ్ళే ఎల్లాజీ గుర్తొచ్చాడు. మొన్ననే సముద్రంలో యువరాజు వలా అతని వలా ఒకదాని మీదొకటి పడితే, ఒడ్డున అందరూ వింటుండగా "ఇంకోపాలి నా వల మీద ఏత్తే కోసి పారేత్తాను" అన్నాడు ఎల్లాజీ.

గోడకి ఆనించిన తెడ్డు అందుకుంది బంగారమ్మ.

ఎల్లాజీ వాకిట్లో కూర్చుని గంజి తాగుతున్నాడు. వరసకి మేనల్లుడే. "రా అత్తా, కూకో" అన్నాడు. నిజంగానే అన్నాడు!

"కూకోడానికి రానేదురా, నీ శవం సూడ్డానికొచ్చినాను" అని తెడ్డు ఎత్తి వేసింది. అడ్డం పెట్టిన మోచెయ్యి పటుక్కుమంది. రెండో దెబ్బకి నుదురు చిట్లి, రక్తం గంజి ముంతలోకి ధారకట్టింది.

"ఓలమ్మో! నానేటి సేసినానే!"

"నా వల కోత్తావురా? నా నెత్తురు కోత్తావురా?"

లోపలినుంచి ఎల్లాజీ భార్య నూకాలమ్మ పరుగున వచ్చి బంగారమ్మ చెయ్యి కరిచిపట్టింది. బంగారమ్మ తెడ్డు వదిలేసి నూకాలమ్మ జుట్టు పట్టి గోడకేసి కొట్టింది. ఇటు యువరాజు, అటు ఎల్లాజీ తమ్ముడు ఇసకలో దొర్లుతున్నారు. ఎవడి చేతిలోనో చేపలు కోసే కత్తి తళుక్కుమంది. ఆడవాళ్ళ కేకలు సముద్రం హోరుని మించిపోయాయి.

సరిగ్గా అప్పుడు రాణి వచ్చింది. సాయంత్రం దివిటీలకి గోగుపుల్లలు ఏరుకుని వస్తూ దారిలోనే సంగతి విని, ఇంటికెళ్ళి చుట్టకుదురు తీసుకుని మరీ పరిగెత్తుకొచ్చింది.

"నానమ్మా, ఒగ్గీయే! ఇది నీకోసమే!" అని ఏడుస్తూ ముందుకి చాచింది.

ఆకుపచ్చ వల. కొత్త వల. తన వల. బంగారమ్మ చేతుల్లోంచి నూకాలమ్మ జుట్టు జారిపోయింది. చుట్టకుదుర్ని లాక్కుని, చీర రొండిన దోపుకుని, పైన చెంగు బిగించింది. రెప్పపాటు పట్టలేదు.

పల్లె పెద్ద లోకనాథం వచ్చేసరికి ఎల్లాజీ విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గంగమ్మ తల్లి మీద ఒట్టేస్తున్నాడు.

"ఎవులు కోసినారు వల?" అన్నాడు లోకనాథం. "ఎవులో ఒకలు గుంజ కాడికి రావాల. సెప్పు బంగారమ్మా. ఈడే అంటావా?"

ఔనంటే ఎల్లాజీకి రెండో చెయ్యి కూడా మిగలదు. కాదంటే ఎవరని వెతుకుతారు. బంగారమ్మ రాణి వైపు చూడలేదు.

"నానే కోసినాను" అంది.

ఊరు ఊరంతా నోరు తెరిచింది. "నీ వల నువ్వు కోసుకున్నావేటే?" అన్నాడు లోకనాథం.

"ఎల్లాజీ మీద ఏద్దారని."

"కాదు! కోసింది నాను!" అని అరిచింది రాణి.

ఆ పిల్ల చెంప మీద పడిన దెబ్బ ఊరవతలికి వినిపించి ఉంటుంది. "నోరుముయ్యి గుంటా! నన్ను కాపాడ్దారని అబద్దాలాడతావా?" రాణి ఇసకలో కూలబడింది, పెదవి చిట్లింది. జీవితంలో మొదటిసారి నానమ్మ తనని కొట్టింది. ఎవరూ ఆ పిల్ల మాట నమ్మలేదు. బంగారమ్మ అంత పనీ చేసే రకమేనని అందరికీ ఇట్టే నమ్మకం కుదిరింది!

వల కోసిందీ, నింద వేసిందీ ఒక్క మనిషే కనక, ఊరు బదులు నూకాలమ్మే కొట్టాలని, తన కోపం తీరేదాకా కొట్టాలని తీర్పు చెప్పాడు లోకనాథం. యువరాజు అడ్డం వస్తే బంగారమ్మే వాణ్ణి తన్ని పంపింది. "ఎలిపో. పలాస ఆస్పత్రికి ఎల్లాజీని నువ్వే అట్టుకెల్లు."

గుంజకి రెండు చేతులూ కట్టారు. నూకాలమ్మ ఈనెల చీపురు నీళ్ళలో ముంచి తెచ్చింది. మొదటి దెబ్బకే జాకెట్టు చిరిగి వీపు మీద ఎర్రటి చారలు లేచాయి. ఆ తర్వాత దెబ్బలు మెత్తబడ్డాయి; కొడుతూనే రొప్పుతూ దగ్గరికి వంగింది.

"రొండిన దోపడం నా కల్లారా సూసినాను పిన్నీ. ఆ గుంటే కదా?"

బంగారమ్మ గుంజకి ఆనించిన మొహం తిప్పలేదు. "ఎవులికైనా సెప్పావా?"

"నేదు."

"మరైతే మెల్లగా కొడతావేటే? మనిసి కాదేటి ఎల్లాజీ? ఆడి సెయ్యి ఇరగ్గొట్టినాను. గట్టిగా కొట్టు, ఆల్లకి అనుమానమొత్తాది."

నూకాలమ్మ ముక్కు చీదుకుంది. మొగుడి మోచెయ్యి వేలాడిన తీరు కళ్ళ ముందు ఆడింది. ఈసారి చీపురు రెండు చేతులా పట్టుకుని, ఏడుస్తూ, బలమంతా పెట్టి కొట్టింది. ఈనెలన్నీ ఊడి ఇసకలో పడ్డాక ఎవరో ఇంకో చీపురు అందించారు. నూకాలమ్మ అదీ తీసుకుంది.