ఎలుగుబంటికి ఏ తూటా

మా అన్నయ్య ఉద్దానంలో జీడితోట చేస్తాడు. మిలట్రీలో లారీ తోలి వచ్చినవాడు కాబట్టి రివాల్వరుకు లైసెన్సు తేలిగ్గానే దొరికింది. ఆ ఏడాది పండు వాసనకు తోటల్లోకి దిగిన ఎలుగు ఒకటి పక్క తోట ఆవిడను చీరేసింది. మర్నాడే అన్నయ్య దోహాలో ఉన్న నాకు ఫోన్ చేశాడు.

“ఓలమ్మీ, మీ ఆఫీసులో తెల్లోళ్ళుంటారు గదా. ఎలుగుబంటికి ఏ తూటా పనిచేస్తాదో అడుగు.”

నేనిక్కడ ఒక కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్ని. ఎండకు పనివాళ్ళు పడిపోకుండా చూడడం నా ఉద్యోగం. తూటాల సంగతి నాకేం తెలుసు? అయినా అన్నయ్య ప్రాణం కదా. అలాస్కాలో పెరిగిన అమెరికన్ ఒకాయన మా దగ్గర పనిచేస్తాడు. ఆయన్ని క్యాంటీన్‌లో పట్టుకున్నాను. తిండి పక్కన పెట్టి మరీ చెప్పాడు. తగలగానే మొన విచ్చుకునే తూటా మనుషులకట, ఎలుగు బొచ్చూ కొవ్వూ దాటేలోపే ఆగిపోతుందట. విచ్చుకోకుండా ఎముక దాకా దూసుకుపోయే గట్టి తూటా కావాలట. అన్నయ్య రివాల్వరు ఎంతదో చెప్పగానే మొహం చిట్లించాడు.

“అంత చిన్నదానితోనా? అయితే గట్టివే పెట్టుకోమను, వేరే దారి లేదు,” అన్నాడు.

ఇక దోహాలో అల్ మన్సూరాలోని మా ఫ్లాట్‌లో శుక్రవారం సెలవులన్నీ తూటాల వీడియోలే. “ఇంట్లో ఇడ్లీపిండి లేదు గానీ తూటాలకు కొదవలేదు,” అని మా ఆయన ఎగతాళి. అన్నయ్య విశాఖ వెళ్ళి గట్టివే తెచ్చి, అరచేతిలో పోసి వీడియో కాల్‌లో చూపించాడు. ఆ రోజు నాకు నిజంగానే ధైర్యం వచ్చింది.

జీడి రాలడం జోరందుకునే వేళకు ఎన్నికల కోడ్ వచ్చిపడింది. ప్రతి ఎన్నికకూ లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించాలి, కౌంటింగ్ అయ్యాకే తిరిగిస్తారు. ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. వారాల తరబడి తూటాల గురించి వాదులాడుకున్న మా అన్నాచెల్లెళ్ళిద్దరికీ ఇది తట్టనే లేదు. అన్నయ్య రివాల్వరూ స్టేషన్‌కు వెళ్ళిపోయింది.

“కౌంటింగ్ దాకా తోటకు వెళ్ళకన్నయ్యా,” అని బతిమాలాను.

“కోడ్ వచ్చీసిందని పళ్ళు రాలడం మానేస్తాయేటి? జీడిపిక్కలు ఏరకపోతే ఏటి తింటాం?” అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను.

పోలింగ్‌కు ముందే అన్నయ్యను ఎలుగు పట్టింది. పిల్లలున్న తల్లి ఎలుగట. చెట్టు చాటునుంచి వచ్చి మొహం మీద పడిందట. ప్రాణం దక్కింది గానీ కళ్ళు రెండూ పోయాయి. వదిన ఫోన్‌లో చెబుతుంటే ఆఫీసు మెట్ల మీదే నిలబడి విన్నాను. ఆ అమెరికన్ వచ్చి సంగతి విని, “ఏ తూటా వాడాడు?” అని అడిగాడు. మా ఎన్నికల గురించి అతనికి వివరించే ఓపిక నాకు లేకపోయింది.

కౌంటింగ్ రోజున వదిన అన్నయ్య చెవి దగ్గర ఫోన్ పెట్టింది. వెనక టీవీలో ఎవరో ఆధిక్యాలు చదువుతున్నారు.

“రేపో ఎల్లుండో తుపాకీ ఇచ్చేస్తారంట,” అన్నాడు. “మీ వదినకి కాల్చడం నేర్పుదామంటే, లైసెన్సు నా పేరున ఉంది. తను ముట్టుకుంటే కేసంట.”

“మరి తోటకు ఎవరు వెళ్తున్నారన్నయ్యా?”

“మీ వదినే ఎల్తంది. కర్రట్టుకుని.”