సర్వీసు మూల కెప్టెన్లు

ఏ బస్సు ముందు కదలాలో, ఏది వెనక ఆగాలో తేల్చే పనిలోనే ఉద్యోగమంతా గడిపిన మనిషికి, సొంత జీవితంలో ఎవరు ముందో ఎవరు వెనకో తేలకపోవడం కంటే తలవంపులు ఇంకేముంటాయి? కంట్రోలరమ్మకు వచ్చిన ఆపద సరిగ్గా అదే.

డిపోలో ఆమె కంట్రోలరమ్మ. ఇంట్లో మాత్రం కెప్టెన్. విశ్వవిద్యాలయపు మొట్టమొదటి మహిళా వాలీబాల్ జట్టుకు మొట్టమొదటి కెప్టెన్ తానేననీ, మొదటి సర్వీసు కూడా తన చేతిదేననీ పెళ్లయిన కొత్తలోనే భర్తకు చెప్పింది. భర్త దర్జీ, చొక్కాల కొలతలు తప్ప మరో విషయంలో పట్టుదల లేని మనిషి. బియ్యం ఎప్పుడు తేవాలన్నా, కొడుకును ఏ చదువులో వెయ్యాలన్నా 'కెప్టెన్ని అడగండి' అని కుట్టుమిషన్ తొక్కుకునేవాడు. కొడుకు పెళ్లయ్యాక కోడలు కూడా ఆ పాలనలోకి పెద్దగా తిరగబడకుండానే చేరింది. ఈ విధంగా ఒక సంసారం మొత్తం ఒక వాలీబాల్ పదవి మీద నడిచింది.

అలాంటి ఇంటికి విశ్వవిద్యాలయం క్రీడాధికారి ఫోన్ చేశాడు. మహిళా వాలీబాల్ చరిత్ర రాయిస్తున్నారట. కొత్త కోర్టు గోడ మీద మొదటి కెప్టెన్ పేరు రాతిలో చెక్కిస్తారట. తమరు రావాలి అన్నాడు. తమరు అనగానే కంట్రోలరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

కోడలు స్కూటర్ మీద ఎక్కించుకుని బయలుదేరింది.

"గట్టిగా పట్టుకోండి అత్తయ్యా."

"నా సంగతి నేను చూసుకుంటాగానీ, ముందు ఆ లారీ సంగతి చూడవే."

కొత్త కోర్టులో రంగు వాసన ఇంకా పోలేదు. నెట్ పక్కన వరసగా కుర్చీలు. వాటిలో పాత జట్టులోని మిగతా అయిదుగురూ అప్పటికే కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ముఖం మీదా సన్మానానికి వచ్చిన వాళ్ల వినయం. అది చూడగానే కంట్రోలరమ్మకు ఏదో తేడాగా అనిపించింది. తన సన్మానానికి వీళ్లకెందుకు అంత వినయం?

క్రీడాధికారి మెళ్లో ఈల, చేతిలో పెన్నుతో వచ్చాడు. "అమ్మా, ఆ కాలం కాగితాలన్నీ వాననీటికి ముద్దైపోయాయి. మీరే చెప్పాలి. మీలో మొదటి కెప్టెన్ ఎవరండీ?"

ఆరు చేతులు లేచాయి.

ఇక్కడ ఆ జట్టు రాజ్యాంగాన్ని కొంచెం వివరించక తప్పదు. వాళ్ల కాలంలో అమ్మాయిలకు ఆట నేర్పే మాస్టారు లేడు. మగపిల్లలకు కుస్తీ నేర్పే ఆయన ఒక పాత నెట్టూ, అట్ట ఊడిన నిబంధనల పుస్తకమూ చేతికిచ్చి, 'చదువుకున్న పిల్లలు కదా, చదువుకోండి' అని వెళ్లిపోయాడు. వాళ్లు చదువుకున్నారు. ఆటలో అవతలివాళ్ల నుంచి సర్వీసు గెలిచినప్పుడల్లా ఆరుగురూ ఒక్కో చోటు జరగాలని అందులో ఉంది. చోటు మారితే చోటుతో పాటు హోదా కూడా మారాలి కదా అని లాయరమ్మ వాదించింది. అప్పటికి ఇంకా లాయరు కాలేదు గానీ, లక్షణాలు పూర్తిగా ఉండేవి. అప్పటినుంచీ వెనక కుడిమూల, అంటే సర్వీసు చేసే చోట, ఎవరు నిలబడితే వాళ్లే కెప్టెన్. నర్సింగ్ కాలేజీతో ఆడిన మొదటి ఆటలో, రిఫరీ కెప్టెన్ని పిలిచినప్పుడల్లా కొత్త మనిషి వచ్చేది. పాపం ఆయన సగంలో నీళ్లు తాగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ పిలిచాడు. ఇంకొకరు వచ్చారు. కొన్నేళ్ల తర్వాత నిజమైన కోచ్ వచ్చి ఈ ప్రజాస్వామ్యాన్ని రద్దు చేశాడు. కప్పులు ఆ తర్వాతే రావడం మొదలైంది.

"అందరూ కెప్టెన్లే, ఒప్పుకుంటాను," అంది కంట్రోలరమ్మ. "కానీ ఈల వేసినప్పుడు ఆ మూలలో ఉన్నది నేను. మొదటి బంతి కొట్టిందీ నేనే. అరచేయి మంట ఇప్పటికీ గుర్తు."

"కొట్టింది నేను," అంది పొడుగక్క. జట్టులో అందరికంటే ఎత్తు. వయసు పైబడినా ఒక్క అంగుళం కూడా వెనక్కివ్వలేదు. "నీకు మంట పుట్టింది ఇంకెప్పుడో."

"టాస్‌కి వెళ్లింది నేను," అంది మరొకామె.

"టాస్‌కి ఆరుగురం వెళ్లామే తల్లీ! నాణెం ఎవరు ఏరుకోవాలో తేలక కొట్టుకున్నాం కూడా," అంది లాయరమ్మ. ఆవిడ తన పక్షాన ఏం చెప్పబోతోందో ఎవరూ ఆగి వినలేదు.

క్రీడాధికారి నుదురు రుద్దుకున్నాడు. "అమ్మా, ఆ రోజు నిలబడ్డట్టే ఒకసారి నిలబడతారా?"

నిలబడ్డారు. ఆశ్చర్యం ఏమిటంటే, చోట్ల విషయంలో తగవే రాలేదు. కాళ్లు తమంతట తామే వెళ్లాయి. వెనక కుడిమూలలో కంట్రోలరమ్మ. ఆమెకు ఎదురుగా, నెట్ దగ్గర, పొడుగక్క. కంట్రోలరమ్మ గర్వంగా కోడలి వైపు చూసింది. బెంచీ మీద కూర్చున్న కోడలు బొటనవేలు పైకెత్తింది.

"సరే. మొదటి సర్వీసు ఏ జట్టుది?"

"వాళ్లది," అన్నారు ఆరుగురూ ఒక్క గొంతుతో. అనేశాక కంట్రోలరమ్మ తన అరచేతి వంక చూసుకుంది. సర్వీసు వాళ్లదైతే మరి తాను కొట్టిందేమిటి?

ఆ రోజులాగే సర్వీసు చెయ్యమని క్రీడాధికారి సైగ చేస్తే, నెట్ అవతల ఇప్పటి జట్టు అమ్మాయి ఒకతి, పెద్దవాళ్లు కదా అని మెత్తగా కొట్టబోయి, చెయ్యి అదుపు తప్పి బలంగా కొట్టింది. బంతి అందరి తలల మీదుగా ఎగిరింది. పొడుగక్క అందుకోబోయింది.

"వదిలెయ్యండే!"

కేక పెట్టింది తానేనని కంట్రోలరమ్మకు అరిచాకగానీ తెలియలేదు. అందరూ చేతులు దించేశారు. బంతి గీత అవతల పడింది.

"అచ్చం ఇలాగే," అంది పొడుగక్క మెల్లగా. "ఆ రోజు కూడా నువ్వే అరిచావు. బయట పడింది. సర్వీసు మనకొచ్చింది. అందరం ఒక్కో చోటు జరిగాం." అంటూ నెట్ దగ్గర్నుంచి నడిచొచ్చి, భుజంతో తోసింది. "ఊఁ, జరుగు. ఇది ఇప్పుడు నా చోటు."

కంట్రోలరమ్మ పక్కకు జరిగింది. అంటే తాను కెప్టెన్ అయింది నిజమే. బంతి ముట్టుకోకుండానే పదవి దిగిపోయిందీ నిజమే. ఇన్నేళ్లూ ఇంటిల్లిపాదినీ ఏలింది ఈ పదవేనా?

"అత్తయ్యా, మొదటి సర్వీసు మీరే కొట్టారన్నారు కదా?" బెంచీ మీంచి కోడలు.

"అదేనే నాకూ అర్థం కావట్లేదు!"

"రాయండి బాబూ," పొడుగక్క కంట్రోలరమ్మను చూపిస్తూ క్రీడాధికారితో అంది. "మొదటి కెప్టెన్ అదే. బంతి కొట్టడం ఎవరైనా కొడతారు. నా ముందుకొచ్చిన బంతిని నేను వదిలేశానంటే, దాని మాట విన్నట్టేగా?"

"నాకు అభ్యంతరం ఉంది," అంది లాయరమ్మ.

"సర్వీసు మూలలో ఉన్నది నేను. కూర్చో."

లాయరమ్మ అభ్యంతరం వెనక్కి తీసుకుంది. ఆమె పెట్టిన చట్టమే మరి.

క్రీడాధికారి ఊపిరి పీల్చుకుని, వెనక వరస నడుమ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డ కంట్రోలరమ్మ దగ్గరికొచ్చాడు. "అమ్మా, అయితే మీ పేరే ఖాయం. ఇంటిపేరుతో సహా చెక్కించమంటారా?"

కంట్రోలరమ్మ అతని వైపు చూసింది, బంతి పట్టుకుని సర్వీసుకు సిద్ధంగా ఉన్న పొడుగక్క వైపు చూసింది.

"నన్నడిగితే ఎలా నాయనా? కెప్టెన్ అక్కడుంది. దాన్నడుగు. ఈలోగా నువ్వు గీత బయటికెళ్లు, సర్వీసు పడుతోంది."